మొదటి గది తాళం

కంప్యూటర్ మాస్టారికి నిజమంటే గిట్టదని కాదు. నిజం మరీ పొట్టిగా ఉంటుందని ఆయన బాధ. అందుకే దానికి ఎత్తుమడమల చెప్పులు తొడిగితే గానీ నలుగురిలోకి తీసుకురారు. ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఆ పని మరింత శ్రద్ధగా చేయాల్సి వచ్చింది. మూల కుర్చీలో హెడ్‌మిస్ట్రెస్ గారు కూర్చున్నారు. ఆవిడ ముందు బల్ల మీద కొత్త కంప్యూటర్ ల్యాబు తాళంచెవుల గుత్తి ఉంది. గంట కొట్టేలోగా దాన్ని ఎవరో ఒకరి చేతిలో పెడతానన్నారు. చల్లటి గది, గుండ్రంగా తిరిగే కుర్చీ, తలుపు మీద పేరు. ఆ పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉండాలో కూడా మాస్టారు అనుకునే ఉన్నారు. పోటీ అంటే లెక్కల టీచరమ్మ ఒక్కరే. ఆవిడేమో ఓ పక్కన పేపర్లు దిద్దుకుంటున్నారు. నోరు విప్పనివాళ్లతో పోటీ ఏం పోటీ అని మాస్టారి ధీమా.

"నేను చేసిందేం లేదండీ," అని మొదలుపెట్టారు, టీ గ్లాసు అందుకుంటూ. ఆయన కోతలన్నీ వినయంగానే మొదలవుతాయి. "ఏడో తరగతి పిల్లల్ని పిలిచి, ఒరేయ్, ఎవరో చేసిన ఆటలు ఆడటం కాదురా, మీరే ఒకటి తయారుచేయండి, ఒక గది, దానికో తాళం, తాళానికో పొడుపుకథ, విప్పితే పక్క గదిలోకి, విప్పలేకపోతే అక్కడే కూర్చోవడం, అంతే, అని ఓ చిన్న ముక్క అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆట తయారైంది," అన్నారు డ్రిల్లు మాస్టారు.

"అలా తేలిగ్గా అనేస్తే ఎలాగండీ? చిక్కుముడులన్నీ నేను దగ్గరుండి వేయించాను. తీరా కంప్యూటర్‌లో పెట్టి చూద్దామా అంటే, పెట్టీపెట్టగానే దానికి చెమటలు పట్టాయి!"

"కంప్యూటర్‌కా?"

"మరి నాకా? లోపల ఫ్యాను గిర్రున తిరుగుతోంది, తెర మీద సన్నటి అక్షరాలేవో వస్తున్నాయి, ఏమిటా అని కళ్లజోడు పెట్టుకుని చూద్దును కదా, 'మాస్టారూ, నేనే లోపల ఇరుక్కుపోయాను, ఒక్క క్లూ ఇవ్వండి' అని అది నన్ను బతిమాలుతోంది! జాలేసి ఇచ్చాను."

లైబ్రరీ టీచరమ్మకి టీ పొరబోయింది. ఆ దగ్గును మాస్టారు మెచ్చుకోలు కింద జమేసుకున్నారు. ఓరగా చూస్తే హెడ్‌మిస్ట్రెస్ గారు మాత్రం ఫోన్లో ఏదో నొక్కుకుంటున్నారు. మోతాదు చాలలేదని ఆయనకు అర్థమైంది.

"ఈ సంగతి ఎలా పొక్కిందో ఏమో, ఆటలు తయారుచేసే పెద్ద కంపెనీవాళ్లు కార్లేసుకుని దిగారు. మహామహా ఇంజనీర్లు! పిల్లలాటే కదా, టీ చల్లారేలోగా తేల్చేస్తామన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే! ఇళ్ల నుంచి క్యారేజీలొచ్చాయి, దిండ్లొచ్చాయి, పెళ్లాలొచ్చి తిట్టిపోశారు. నున్నగా గడ్డం గీసుకుని వచ్చినాయన బొడ్డుదాకా గడ్డంతో బయటికొస్తే కన్నకూతురే 'తాతగారూ' అంది. ఇంకో కుర్రాడు, పెళ్లికానివాడు, మూడో గదిలో దారి వెతుక్కుంటుంటే అక్కడే చిక్కుకున్న అమ్మాయి కనపడిందట, నాలుగో గదికి వెళ్లేసరికి పెళ్లయింది, ఐదో గదిలో పాప పుట్టింది, ఆ పాపకిప్పుడు మాటలొస్తున్నాయి!"

"పిల్లలు ఆట మొదలుపెట్టింది పోయిన నెలలోనే కదండీ?" అన్నారు లైబ్రరీ టీచరమ్మ.

కోతలు కోసేవాడికి అడ్డొచ్చిన కొమ్మ కూడా పంటే.

"అక్కడే ఉందమ్మా నా గొప్పంతా! నా ఆటలో కాలం కూడా ఇరుక్కుపోతుంది!"

డ్రిల్లు మాస్టారు నవ్వు ఆపుకోవడానికి విజిల్ నోట్లో పెట్టుకున్నారు. అది సన్నగా కూసింది. హెడ్‌మిస్ట్రెస్ గారు ఇంకా తలెత్తలేదు. మాస్టారు గుత్తి వంక ఆశగా చూసి, ఇక ఉన్నదంతా బయటికి తీశారు.

"అంతెందుకు, పేరుమోసిన గజదొంగ ఒకడు ఆ ఆట ఆడి, మొదటి తాళం దగ్గరే బావురుమని, 'గురువుగారూ, ఈ వృత్తికి నేను పనికిరాను' అని నా కాళ్ల మీద పడ్డాడు. అది విని బ్యాంకువాళ్లు పరిగెత్తుకొచ్చి, మా ఖజానాకి మీ చిక్కుముడే వేయండి సార్ అన్నారు. వేశాను. ఇంకేముంది, దొంగలూ రాలేరు, బ్యాంకువాళ్లూ లోపలికి పోలేరు! తెల్లారేసరికి మేనేజరు మా గుమ్మంలో! నేను పళ్లు తోముకుంటూనే, బ్రష్షు ఇలా గాల్లో తిప్పాను. అక్కడ ఖజానా తెరుచుకుంది!"

"తెరుచుకుందా?" అంటూ హెడ్‌మిస్ట్రెస్ గారు తలెత్తారు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇది కూడా కాస్త తీసిపెట్టండి. పిల్లల ఆటని లెక్కల టీచరమ్మ నా ఫోన్లో పెట్టించారు. ఇందాకట్నుంచీ మొదటి గదిలోనే పడి ఉన్నాను."

ఫోన్ చేతికొచ్చింది. తెర మీద ఓ బొమ్మ గది. బెంచీలు, బోర్డు, మాస్టారి బల్ల, బల్ల మీద టీ గ్లాసు. తలుపుకి తాళం. దాని కింద పొడుపుకథ: 'రోజూ అడుగుతారు, జవాబు చెప్పనివ్వరు. ఏమిటది?'

ఆ ఆటను తాను ఇంతవరకు తెరిచైనా చూడలేదన్న సంగతి మాస్టారి మనసుకొక్కదానికే తెలుసు. 'హాజరు' అని కొట్టారు. తాళం కదల్లేదు. 'హోంవర్కు' అని కొట్టారు. తాళం ఎర్రబడింది. లెక్కల టీచరమ్మ కూడా పెన్ను ఆపి చూస్తున్నారు. మాస్టారికి నిజంగానే భయమేసింది.

"ఇలాంటిదే ఓసారి," అని నవ్వబోయారు, "ఒక మంత్రిగారి ఫోన్ చిక్కుపడిపోతే నా దగ్గరికే తెచ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అదే! అదే కొట్టండి!" అని డ్రిల్లు మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"ఏది?"

"ఇప్పుడన్నారే, అదే!"

మాస్టారు అయోమయంగానే ఒక్కో అక్షరం కొట్టారు. 'ఆ తర్వాత ఏమైందో తెలుసా'. తాళం టక్కున ఊడింది. తలుపు తెరుచుకుని పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి: 'శభాష్! కంప్యూటర్ క్లాసులోంచి క్షేమంగా బయటపడ్డారు. రండి, ఇక కంప్యూటర్ నేర్చుకుందాం.' రెండో గది బోర్డు నిండా లెక్కలున్నాయి, పక్కనే సుద్దముక్క పట్టుకుని లెక్కల టీచరమ్మ బొమ్మ.

"మాటలు కోటలు దాటాయి గానీ, కాళ్లు మొదటి గడప దాటలేదన్నమాట," అన్నారు డ్రిల్లు మాస్టారు.

హెడ్‌మిస్ట్రెస్ గారు ఫోన్ వెనక్కి తీసుకున్నారు. "పిల్లలు మీ వల్లే నేర్చుకున్నారన్నది మాత్రం కోత కాదు మాస్టారూ. తప్పించుకోవడం మీ క్లాసులో కాకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటారు?" అని గుత్తి తీసి లెక్కల టీచరమ్మ చేతిలో పెట్టారు.

గుత్తి గలగలలాడుతూ గది దాటిపోతుంటే మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఆయన ఊరుకుంటారా? గొంతు సవరించుకున్నారు.

"అసలు ఆ అక్షరాలు అంత పెద్దగా పెట్టమన్నదే నేను. ఆ తర్వాత ఏమైందో..."

"తెలుసు!" అన్నారు అందరూ.