తొమ్మిది ఆకుపచ్చ పొట్లాలు

తైపేలో ఓ మరమ్మతు కొట్టు. బల్ల మీద పాత కంప్యూటర్ మూత తీసి ఉంది. దాన్ని తెచ్చిన ముసలామె మెకానిక్ ఎదురుగా కూర్చుంది.

“ఆన్ కాకపోవడానికి కారణం ఇదిగో పెద్దమ్మా,” అన్నాడతను. “లోపల తొమ్మిది చిరుతిండి పొట్లాలున్నాయి.”

“‘బుద్ధిగా ఉండు’ అని పేరున్న ఈ ఆకుపచ్చ పొట్లం పెడితే యంత్రం మాట వింటుందంటారుగా. ఏటా కొత్తది పెట్టాను.”

“పాతది తీసేసి, యంత్రం పైన ఒక్కటే పెడతారు. మీరేమో ఫ్యానుకు గాలాడకుండా కుక్కేశారు. వేడికి డిస్కు పోబోయింది.”

“మరి మా ఆయన బొమ్మలాట రికార్డింగులు?”

“అన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించాను. వినండి.”

చనిపోయిన భర్త గొంతు వినగానే ఆమె కళ్లు తుడుచుకుంది.

“నీ కడుపు చల్లగుండ నాయనా. ఇంకెప్పుడూ పొట్లాలు పెట్టను.”

“ఒకటి పెట్టండి, పైన. కాపీ అయ్యేదాకా నేనూ ఒకటి పెట్టుకునే కూర్చున్నా.”