బొటనవేలితో ఆపిన గ్యాసు

షిఫ్టు దిగి ఫ్యాక్టరీ ఎదుటి టీ కొట్టు దగ్గర చేరేవాళ్లకి రియాక్టరు మామయ్య కోతలు కొత్త కాదు. కానీ ఆ రోజు ఆయన పక్కన కొత్తల్లుడు ఉన్నాడు. పైగా రసాయనశాస్త్రం చదువుకున్నవాడు. "మా నాన్న లేకపోతే ఆ ఫ్యాక్టరీ నడవదు" అని కూతురు అత్తారింట్లో చెప్పేసింది. ఆ మాట ఇప్పుడు నిలబెట్టకపోతే తన పరువేం కాను? మామయ్య ఎప్పుడూ కూర్చునే గుండ్రటి తెల్ల పీట మీద సర్దుకుని గొంతు సవరించుకున్నాడు.

"చూడు బాబూ, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్తా. మేం చేసేది ప్లాస్టిక్ పొడి. నీళ్లలో కాదు, కార్బన్ డయాక్సైడులో. దాన్ని వేడిచేసి నొక్కి నొక్కి పెడితే అటు గాలీ కాదు, ఇటు నీరూ కాదు, మధ్యలో ఉండిపోతుంది. ముడిసరుకు అందులో కలిసిపోయి అంతా తేటగా ఉంటుంది. గింజ ఎప్పుడు కడుతుందో ఏ మీటరూ చెప్పలేకపోయింది. నేను ఆ ఉక్కు రియాక్టరు కిటికీ అద్దంలోంచి ఒక్క చూపు చూసి 'ఇదిగో, ఇప్పుడు' అన్నానా, అంతే, లోపలంతా పాలలా తెల్లబడిపోయింది!"

"తెల్లబడటం వరకూ నిజమే," అన్నాడు అదే ఫ్యాక్టరీ ఫిట్టరు టీ ఊదుకుంటూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూత బోల్టొకటి ఊడి ఎగిరిపోయింది. లోపల ఒత్తిడి లారీ టైరులో గాలికి ముప్ఫై రెట్లు! అందరూ పరుగో పరుగు. నేను మాత్రం ఆ కన్నంలో బొటనవేలు పెట్టి..."

"ఏ చేతిది?" అన్నాడు టీ కొట్టాయన.

"ఎడమది. కుడిచేత్తో టీ తాగుతున్నాగా! షిఫ్టంతా అలాగే ఉన్నా. ఊరికే ఉండటమెందుకని గింజలు లెక్కపెట్టా. ఒక్కోటి వెంట్రుకలో యాభయ్యో వంతుండదు, కోట్లకి కోట్లు, అన్నీ ఒకే సైజు. ఒకటి మాత్రం కాస్త లావెక్కింది. 'ఏమే, సిగ్గులేదూ?' అని కసిరా. పాపం, అక్కడికక్కడే చిక్కిపోయింది. చివరికి గ్యాసు వదిలితే ఆ చలికి మేనేజరు మీసం గడ్డకట్టి, తుమ్మగానే టక్కున విరిగింది. గింజలు మాత్రం చుక్క తడి లేకుండా, వరస కట్టి సంచుల్లోకి నడిచెళ్లాయి."

అల్లుడు వినయంగా చెయ్యెత్తాడు. "ఒక్క సందేహం మామయ్యా. గింజలు ఒకదానికొకటి అంటుకోకుండా సబ్బులాంటి మందొకటి వేస్తారు కదా. అదెప్పుడు వేశారు?"

మామయ్య టీ కొట్టాయన వైపు తిరిగి, "ఇంకో టీ," అన్నాడు.

ఫిట్టరు గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, ఓసారి లే."

"ఎందుకురా?"

"లే అంటున్నాగా."

ఫిట్టరు పీటని తిరగేశాడు. అడుగున, రియాక్టరులో సరుకు కలియబెట్టే రెక్కలు మూడూ అచ్చుపడి ఉన్నాయి. "బాబూ, ఆ మందు వెయ్యడమే మీ మామయ్య మర్చిపోయాడు. పొడి కావాల్సింది ముద్దయి కూర్చుంది. మూడు రోజులు ఉలితో కొట్టి నేనే బయటికి తీశా. పారేస్తానంటే ఒప్పుకోక ఇక్కడ పీటగా వేసుకున్నాడు."

కొట్టంతా గొల్లుమంది. మామయ్యకి నిజంగానే సిగ్గేసింది. అల్లుడి చెయ్యి పట్టుకుని, "అమ్మాయికి మాత్రం చెప్పకు బాబూ," అన్నాడు మెల్లగా.

"అమ్మాయే చెప్పి పంపింది మామయ్యా," అన్నాడు అల్లుడు. "'బొటనవేలి కథ నోరెళ్లబెట్టుకుని విను, అయ్యాక మందు సంగతి అడుగు' అని."