షట్టర్ పడింది

(లారీ టైర్లకు పంక్చర్లు వేసే షాపు, దాని వెనక ఒంటిగది. షాపులో నాన్న సాయంత్రం సీరియల్ ముందు కూర్చున్నాడు. గదిలో ఆ సీరియల్‌కు మాటలు రాసే మేనమామ, పదిహేనేళ్ళ మేనకోడలు గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు.)

“నేను రాను మావయ్యా. థూ! ఆ సీరియల్ పాట వినబడితేనే చెవులు మూసుకుంటున్నా.”

“మెల్లిగా! మీ నాన్న వింటాడు.”

“విననీ.”

“విననీ అంట! వింటే నీ కాళ్ళతో పాటు నా కాళ్ళూ విరగ్గొడతాడు. రేపొక్కరోజే బంతీ. ఆఖరి మ్యాచ్. హీరో గోల్ కొట్టేస్తే సీరియల్ అయిపోయింది.”

“హీరో! బంతి కాలికి తగిలితే ‘అమ్మా’ అంటాడు. కాళ్ళు చూపించేటప్పుడు తన్నేది నేను, చొక్కా విప్పి పరిగెత్తేది వాడు.”

“దాన్నే నటన అంటారు.”

“గోల్ పడగానే ఏమని అరుస్తాడు?”

“...షట్టర్ పడింది అని.”

“ఎవరి మాట అది?”

“మాటకి యజమాని ఉంటాడా?”

“మన సందులో గోల్ పోస్టు ఎక్కడిది మావయ్యా? ఎదురుకొట్టు మూసిన షట్టరే కదా. బంతి తగిలి ధడేల్‌మంటే నేను అరిచేదాన్ని. ఇప్పుడు ఊరంతా అరుస్తోంది. నిన్న ఓ బుడ్డోడు నాకే నేర్పుతున్నాడు, ‘అలా కాదక్కా, టీవీలోలాగా అరవాలి’ అని!”

“సంతోషించాలి గానీ...”

“దేనికి? నా మాట తీసుకున్నావు, నా కాళ్ళు తీసుకున్నావు, నన్ను మాత్రం కుర్రాణ్ణి చేశావు.”

“ఆడపిల్లంటే ఛానెల్ వాళ్ళు ఒప్పుకోరే! ‘పంక్చర్లవాడి కొడుకు, ఫుట్‌బాల్ పిచ్చోడు’ అంటే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయన్నారు.”

“నాకు వాంతి ఒక్కటే వస్తోంది.”

“తన్నరా నాయనా! అద్దీ! ఆ కాలు చూడు, ఆ కాలు!”

“విన్నావా మా నాన్నని? నేను బంతి ముట్టుకుంటే చాలు, ‘పువ్వని బంతి పేరు పెడితే తన్నే బంతివయ్యావేంటే’ అని మీదికొస్తాడు. ఆ దిష్టిబొమ్మకేమో చప్పట్లు!”

“సరే, రేపు వస్తున్నావా లేదా?”

“రేపు నాకు ఎంపిక. అమ్మాయిల జట్టుకి.”

“ఏంటీ? నాన్నకి చెప్పావా?”

“చెప్పలేదు.”

“అయితే నేను చెప్తా. ట్యూషన్ పేరు పెట్టుకుని ఎక్కడికెళ్తున్నావో అదీ చెప్తా.”

“షూటింగ్‌కి తీసుకెళ్ళింది నువ్వే కదా!”

“నేను బామ్మర్దిని. నాలుగు తిట్టి కాఫీ ఇస్తాడు. నీకు బడి కూడా మాన్పిస్తాడు. చూసుకో మరి.”

“ఛీ! నువ్వు మా అమ్మ తోడబుట్టినవాడివేనా?”

“ఏంటే లోపల గుసగుసలు?”

“ఏం లేదు నాన్నా! ఇలా వచ్చేశావేంటి, సీరియల్ అయిపోయిందా?”

“ప్రకటనలు.”

“ఎలా ఉంది బావా మన సీరియల్?”

“అసహ్యంగా ఉంది.”

“అదేంటి బావా! రోజూ చూస్తావుగా?”

“చూస్తా. ఆ తండ్రి వెధవ పిల్లాడి బంతిని కత్తితో కోసేస్తే నవ్వమంటారేంట్రా? ఆ వెధవ నాలాగే తువ్వాలు కట్టాడు. నాకు నవ్వు రాలేదు.”

“మరి కుర్రాడికి చప్పట్లు కొడతావుగా?”

“బంతీ, ఎడమకాలు ఇలా పెట్టు.”

“ఎందుకు నాన్నా?”

“పెట్టు. ఇదిగో ఈ మచ్చ. మూడేళ్ళప్పుడు నా వేడి అతుకు మిషను మీద పెట్టింది ఈ మడమ. మందు రాసింది నేను. ఒరేయ్ బామ్మర్దీ, మీవాళ్ళు పౌడర్ ఇంకాస్త మందంగా పుయ్యాల్సింది. మొదటిరోజే చెమటకి కారిపోయి టీవీలో మచ్చ కనబడింది.”

“బావా, అదీ...”

“మొదటిరోజు నుంచీ తెలుసా? మరి నాకొక్క మాట చెప్పలేదేంటి నాన్నా?”

“వద్దన్న నోటితో శభాష్ అనాలంటే నోరు పెగలొద్దూ? టీవీకైతే సిగ్గులేకుండా చెప్పొచ్చు.”

“అయితే బావా, రేపు షూటింగ్‌కి పంపినట్టేగా?”

“రేపు దానికి ఎంపికటగా. మీ గుసగుసలు సందు చివరికి వినిపిస్తున్నాయి. నేనూ వెళ్తున్నా. షాపుకి షట్టర్ పడింది.”

“మరి మా హీరో? కాళ్ళు లేకుండా వాడి మొహం పెట్టుకుని నేనేం చెయ్యను బావా?”

“ఏమోరా. ఇన్నాళ్ళూ చూశాను గానీ, వాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు.”