గని పక్కన పిల్లల పాక

మాచర్ల దగ్గర నాపరాయి గనిలో పని ఆగి రెండు రోజులైంది. సేవాసంఘం తరఫున కూలీల పిల్లల్ని చూసుకునే కొండమ్మ పాక ముందు ఊడుస్తుంటే, గని యజమాని వచ్చి నిలబడ్డాడు.

“ఏందే కొండమ్మా, పాక మూశావంట? ఆడకూలీలు ఒక్కరూ రాలా.”

“జొరమొచ్చి రెండ్రోజులు పడుకున్నా షావుకారుగారూ. పిల్లల్ని ఎవరిమీద వదిలేసి వస్తారు?”

“వాళ్లు రాళ్లు మొయ్యకపోతే మగోళ్లూ ఖాళీనే. లారీలు ఎండలో నిలబడ్డయి.”

“లాభం చూసుకోని సంఘం ఎవుర్ని ఉద్ధరిస్తదని నవ్వింది తమరేగా?”

“నవ్వాన్లే. నా రెండో గని కాడా ఒక పాక పెట్టించు. సంఘానికి ఏం కావాలో అడుగు.”

కొండమ్మ ఒకప్పుడు బిడ్డను రాళ్ల మధ్య ఎండలో పడుకోబెట్టి తట్ట మోసిన మనిషి.

“సంఘానికి ఏమొద్దు. పాలిచ్చే తల్లుల్ని మధ్యాన్నం గంటసేపు వదలండి. ఆ గంటకి కూలి కొయ్యొద్దు.”

ఆయన ఎండలో నిలబడ్డ లారీల వైపు ఓసారి చూశాడు.

“సరే, వదుల్తా.”

“నాతో కాదు, వాళ్లతో చెప్పండి.”

కూలీల గుడిసెల వైపు తిరిగి, రోజూ గనిలో కేకలేసే గొంతుతోనే ఆయన ఆ మాట చెప్పాడు. గుడిసెల్లోంచి చంకల్లో పిల్లలతో ఆడవాళ్లు బిలబిలా బయటికొచ్చారు.

“రండే తల్లుల్లారా, రండి!” అంటూ కొండమ్మ పాక తలుపు బార్లా తెరిచింది.