నచ్చినట్టు సర్దిన గది

అక్క ఇంట్లో, పైకప్పు బాగా ఎత్తుగా ఉన్న గదిలో చెల్లెలు నిచ్చెనెక్కి ఆఖరి కర్టెన్ తగిలిస్తోంది. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“కర్టెన్లు అచ్చం కొన్నవాటిలాగే ఉన్నాయే!”

“నీ పాత దుప్పట్లే అక్కా, రెండేసి కలిపి కుట్టాను. గోడకి పైన ముదురు రంగు వేసేసరికి కప్పు కిందికి దిగినట్టు లేదూ? ఇదివరకు బావిలో కూర్చున్నట్టుండేది. దీపానికి వైరు పొడుగు చేసి మంచం దాకా దించాను, పడుకునే ముందు చదువుకుందామని.”

“నీ చేతిలో ఏదో మహత్యం ఉందే. మా ఆడపడుచుకి తెగ నచ్చుతుంది.”

“చూడ్డానికొస్తోందా?”

“ఉండడానికే. రేపు దిగుతోంది.”

“ఈ గదిలోనా? మరి నేను?”

“నీకేం? నీ అద్దె గది నీకుందిగా.”

“ఖాళీ చేసేశాను కదక్కా! ‘నీకు నచ్చినట్టు సర్దు’ అన్నావుగా.”

“సర్దమన్నాను. ఉండమన్నానా?”

చెల్లెలు కర్టెన్ అంచు వదిలేసి అక్కవైపు తిరిగింది.

“ముందే చెప్పొచ్చుగా అక్కా.”

“చెబితే ఇంత శ్రద్ధగా చేసేదానివా? ఆ ఎడమవైపుది కాస్త వంకరగా ఉంది. నిచ్చెన దిగకముందే సరిచెయ్యి.”