ఎడమ గడిలో సంతకం

ఎడమ గడిని కొట్టేసింది మీరే, ఈ వీడ్కోలు సభలో ముందు వరుసలో కూర్చున్న పై అధికారులారా. 1989 జూన్ 12న నీటి సరఫరా కార్యాలయపు విచారణ విభాగంలో గుమాస్తాగా చేరి, ఏ ఉద్యోగికీ అతని మాట వినకుండా శిక్ష పడనివ్వని మా సహోద్యోగిని పదవీ విరమణ చేస్తున్న వారంలోనే, "కాలయాపన నివారణ" పేరిట ఆమె రూపొందించిన ఫారాన్ని రద్దు చేసింది మీరే. ఈ వీడ్కోలు సంచిక మీకూ పంచుతారు. చదవండి.

ఆమె చేరిన నాటికి విచారణ ఫారంలో ఉన్నది ఒకే గడి: పైన ఆరోపణ, కింద శిక్ష. నిప్పు లేనిదే పొగ రాదన్నదే ఆ గదికి ధర్మశాస్త్రం. కనిపించింది పొగో, మంచో చూసే తీరిక ఎవరికీ లేదు. 1994లో పెద్ద గుమాస్తా అయ్యాక ఆమె కాగితం మధ్య నిలువుగీత గీశారు. ఎడమ గడిలో నిందపడినవాడి వాదం రాయాలి, అతనికి చదివి వినిపించాలి, "నేనన్నది ఇదే" అని అతను సంతకం పెట్టాకే కుడి గడిలో ఖండన మొదలుకావాలి. పూర్వపక్షాన్ని ఎదుటివాడు ఒప్పుకునేలా చెప్పలేనివాడికి దాన్ని ఖండించే అర్హత లేదన్నది ఆమె సిద్ధాంతం.

"కూరలో ఉప్పెక్కువైందన్నా, ముందు వండినవాళ్ల వాదం చెప్పమంటుందండీ. చెప్పేలోపు కూర చల్లారిపోతుంది" అని ఆమె భర్త వాపోతుంటారు. యూనియన్ కార్యదర్శి, అదే మన మైకు గారు, బల్ల గుద్దినప్పుడల్లా ఆమెది ఒకటే మాట: "గొంతు పెరిగింది సరే, కారణం పెరగలేదు. కూర్చోండి." ఆయన గొణుక్కుంటూ కూర్చునేవారు.

ఆ గడి విలువ ఆమెకు పూర్తిగా తెలిసొచ్చింది 1998లో. మిట్టమధ్యాహ్నం డ్యూటీలో పంపు ఆపరేటరు నిద్రపోయాడనీ, అందువల్లే ట్యాంకు పొంగి గోదాము మునిగిందనీ ఆరోపణ. ఉద్యోగం ఊడే కేసు. ఆమెకు అతని మీద జాలి. ఆ జాలిలోనే నిష్కళంక సేవ, రెప్పవాల్చని దీక్ష అంటూ ఎడమ గడి నింపి చదివి వినిపించారు. అతను పెన్ను పక్కన పెట్టేశాడు.

"చాలా బాగుందక్కా. కానీ ఇందులో నేను లేను."

"పెట్టవయ్యా సంతకం. ఇలా రాస్తేనే నమ్ముతారు."

"నిద్రపోయానక్కా, రెండింటికి. ట్యాంకు పొంగింది ఒంటిగంటకే. వాల్వు పట్టేసిందని ఫోన్ చేశాను, మోటారు ఆపేశాను. మెకానిక్ వస్తాడన్నారు, రాలేదు. కూర్చున్నచోటే కునుకు పట్టింది. సూపరింటెండెంటు గారు కళ్లారా చూశారాయె! రెప్పే వాల్చలేదంటే మిగతాదంతా అబద్ధమే అనరూ?"

అందంగా వాదించడమే తన పని అని అంతవరకూ అనుకున్న ఆమె ఆ కాగితం చింపేశారు. కొత్త కాగితంలో మొదటి వాక్యం: "నిద్రపోయిన మాట నిజం." ఈసారి అతను సంతకం పెట్టాడు. కుడి గడికి వచ్చేసరికి సూపరింటెండెంటు కలం ఆగింది; తప్పు ఒప్పుకున్నవాడి మిగతా మాట వినక తప్పలేదు. ఫోన్ రిజిస్టరు తెప్పిస్తే ఒంటిగంటా అయిదు నిమిషాలకు కాల్ నమోదై ఉంది. కాకి వాలినందుకు తాటిపండు పడలేదు. పండు పడ్డాకే కాకి వాలింది. కునుకుకు హెచ్చరిక మిగిలింది, ఉద్యోగం నిలిచింది.

2011లో విచారణాధికారిణి అయ్యాక, తన మీద వచ్చిన ఫిర్యాదుకు కూడా ఆమె అదే ఫారం వాడించారు. మొన్న ఆ ఫారాన్ని రద్దు చేస్తూ మీ సర్క్యులర్ అందినప్పుడు కూడా కోప్పడలేదు. మైకు గారు ధర్నా అంటే, "ముందు వాళ్ల మాట రాద్దాం" అని, తన చివరి ఫారం తీసి, ఎడమ గడిలో మీ వాదమే రాశారు: ఫైళ్లు పేరుకుపోతున్నాయి, మనుషులు చాలడం లేదు, ఒక్కో సంతకానికి రెండు రోజులు పడుతోంది. ఇంత సూటిగా మీ సర్క్యులర్ కూడా చెప్పలేదు.

ఆమెకు ఆరోగ్యం, చెదరని చూపు, ఎదురువాదం చేసే మనవలు, ఆ వాదనలన్నీ తీరిగ్గా వినేటంత దీర్ఘాయువు కలగాలి. అది మా కోరిక. ఇక మా డిమాండు. ఆ ఫారం మీ బల్ల మీదే ఉంది. మీరన్నది ఇదే అయితే సంతకం పెట్టండి, కాకపోతే దిద్దండి. కుడి గడిలో జవాబు మేం రాస్తాం. అది చదివేదాకా సర్క్యులర్ ఆపండి. చప్పట్లు ఆ తర్వాత కొట్టవచ్చు.