చిక్కటి ఆయిల్

సిద్దిపేటలో దుబ్బాక రోడ్డు మీది మెకానిక్ షెడ్డు. కొనబోయే పాత కారును చూపించడానికి తెచ్చినవాడికి మేస్త్రి వాలకం మీదే అనుమానంగా ఉంది.

“ఇంజను గింత నిమ్మళంగ నడుస్తుంటే ఇంకేం సూస్తున్నవన్నా?”

“గా నిమ్మళమే నాకు నచ్చుతలేదు తమ్మీ. ఆయిల్ సూడు, పాకం లెక్క సాగుతుంది. ఈ బండికి గింత చిక్కటిది పొయ్యరు.”

“నువ్వు పని పెట్టుకునేటందుకు చెప్తున్నవేమో!”

“నా మాట నమ్మకు. ఇంజను కాగేదాంక ఆగు, అదే చెప్తది.”

ఇంజను వేడెక్కింది. ఆయిల్ పలచబడ్డకొద్దీ బానెట్ కింద టకటక మొదలై, పెరిగింది.

“గిదేందన్నా?”

“వాల్వులను నొక్కే రాకర్లు అరిగినయి. చిక్కటి ఆయిల్ పోసి సప్పుడు దాసిపెట్టిన్రు. అమ్మేటాయన ఎవరు?”

“మా సొంత బావనే. గుడిల పూజ చేయించేదాంక ఊరు దాటియ్యొద్దన్నడు. అరిష్టమట.”

“ఊరు దాటితే ఇంజను కాగుతది గదా. పూజెప్పుడు మరి?”

“బండి నా పేరు మీదికి మారినంక...”

అతను ఫోను తీసి బావ నంబరు నొక్కాడు. టకటక ఆగలేదు.